టీచర్ పక్కన లేని ఇరవై నిమిషాలు: స్పెషల్ క్లాస్‌రూమ్‌లో వర్క్ బాక్సులు ఎలా పనిచేస్తాయి?

ఈ ఎపిసోడ్‌లో కొత్త ఫోన్ లేదు, ఏఐ టూల్ లేదు. చెప్పుల డబ్బాలున్నాయి. షాపులో "డబ్బా కావాలా మేడమ్" అని అడిగితే వద్దని వదిలేసి వచ్చేస్తాం చూడండి, ఆ డబ్బాలు. వాటితో ఒక స్పెషల్ క్లాస్‌రూమ్ ఎలా నడుస్తుందో చెప్తాను. వీడియోలో మాట్లాడిందే ఇది, చదవడానికి వీలుగా కాస్త సర్దాను, అంతే.

ముందు ఒక చిన్న లెక్క. ప్రత్యేక అవసరాలున్న పిల్లలు ఎంతమందికి ఒక స్పెషల్ టీచర్ ఉండాలన్నది 2022 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేసింది. 1 నుంచి 5 తరగతుల్లో 10 మందికి ఒకరు, 6 నుంచి 8 తరగతుల్లో 15 మందికి ఒకరు. కాగితం మీద ఉన్నట్టే అన్నీ జరిగాయనుకుందాం. పీరియడ్ 40 నిమిషాలు, పిల్లలు 10 మంది. ఒక్కొక్కరితో విడిగా కూర్చుంటే తలా 4 నిమిషాలు. అది కూడా ఎవరూ ఏడవకుండా, ఎవరూ బాత్రూమ్ అనకుండా, ఎవరి అమ్మా తలుపు దగ్గరికి రాకుండా ఉంటే.

మరి టీచర్ ఒకరితో కూర్చున్నప్పుడు మిగతా తొమ్మిది మంది ఏం చేస్తుంటారు? ఇవాళ్టి ఎపిసోడ్ మొత్తం ఈ ఒక్క ప్రశ్న మీదే.

మా పిన్ని స్పెషల్ టీచర్. మండల కేంద్రంలో భవిత సెంటర్‌లో చేస్తుంది. భవిత అంటే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సమగ్ర శిక్ష కింద నడిచే సెంటర్లు, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం. నేను నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్‌లో చేసి బయటికొచ్చాక, ఒక వేసవిలో పిన్ని దగ్గర కూర్చుని డబ్బాలు తయారుచేశాను. నేను టీచర్‌ని కాదు. కానీ ఆ డబ్బాల వెనక ఉన్న డిజైన్ చూసి, బీటెక్‌లో నాలుగేళ్లు చదివిన దానికంటే ఇది బాగుందే అనిపించింది. నిజంగానే.

చాలా చోట్ల ఆ తొమ్మిది మందికి ఏం దొరుకుతుందంటే ఒక కలరింగ్ షీటు, ఒక బొమ్మల బుట్ట, లేకపోతే ఫోన్‌లో రైమ్స్. టీచర్లని తప్పుపట్టడం లేదు, ఒక్క మనిషి ఎన్ని చూస్తుంది చెప్పండి. కాస్త అదృష్టం ఉంటే ఆయా ఉంటుంది. ఆవిడ పిల్లాడి పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని "ఇది ఇక్కడ పెట్టు నాన్నా, ఊఁ, ఇప్పుడు ఇది, ఊఁ" అంటూ చేయిస్తుంది. చూడ్డానికి చాలా బాగుంటుంది. పని అవుతుంది. తల్లిదండ్రులు చూస్తే సంతోషిస్తారు. కానీ ఆయా లేచి నీళ్లు తాగడానికి వెళ్లగానే ఆ బాబు చెయ్యి అక్కడే గాల్లో ఆగిపోతుంది.

దీన్నే ప్రాంప్ట్ డిపెండెన్సీ అంటారు. మామూలు మాటల్లో చెప్పాలంటే, పని వచ్చు, పని మొదలుపెట్టడం రాదు. రెండూ వేర్వేరు. మనం అది పట్టించుకోం, ఎందుకంటే మనకి రెండూ కలిసే వస్తాయి. ఆ బాబుకి ఎర్ర మూత, నీలం మూత తేడా ఖచ్చితంగా తెలుసు. కానీ అతను నేర్చుకున్న వరస ఎలా ఉందంటే: ఆయా "ఊఁ" అంటుంది, నేను ఒకటి పెడతాను, ఆగుతాను, ఆయా మళ్లీ "ఊఁ" అంటుంది. అతని లెక్కలో ఆ "ఊఁ" కూడా పనిలో ఒక స్టెప్పే. సోమరితనం కాదు, మొండితనం అసలే కాదు. మనమే నేర్పిన పాఠం అది. మాటే అక్కర్లేదు, టీచర్ కళ్లు మూత వైపు తిరిగినా చాలు, పిల్లలు అది పట్టేస్తారు.

ఇది ఎందుకంత పెద్ద విషయం? 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం 6 ఏళ్ల నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు. పద్దెనిమిది నిండాక? పనికి వెళ్లే చోట, అది చిన్న ప్యాకింగ్ యూనిట్ అయినా, బేకరీ అయినా, జిరాక్స్ షాపైనా, పక్కన కూర్చుని "ఊఁ" అనడానికి ఎవరూ ఉండరు. ఇంట్లో కూడా అమ్మకి వయసు పెరుగుతుంది. భవిత సెంటర్ బయట అరుగు మీద కూర్చునే తల్లులు ఏ కబురు మొదలుపెట్టినా చివరికి "మా తర్వాత వీడెలా" అన్న దగ్గరే ఆగుతారు. ఆ ప్రశ్నకి పూర్తి జవాబు ఎవరి దగ్గరా లేదు. కానీ ఎవరూ చెప్పకుండా ఇరవై నిమిషాలు తన పని తను చేసుకోవడం వస్తే, ఆ జవాబులో ఒక ముక్క దొరికినట్టే.

సరే, ఈ పద్ధతి ఎక్కడిది? అమెరికాలో నార్త్ కరోలినా. 1960ల్లో ఆటిజానికి కారణం తల్లి ప్రేమ చూపించకపోవడమే అని పెద్ద పేరున్నవాళ్లే చెప్పేవారు. బ్రూనో బెటల్‌హైమ్ అనే ఆయన 1967లో ఏకంగా పుస్తకమే రాశాడు. అదే షికాగోలో చదువుకున్న ఎరిక్ షాప్లర్ దీన్ని ఒప్పుకోలేదు. నార్త్ కరోలినా యూనివర్సిటీలో రాబర్ట్ రైక్లర్‌తో కలిసి తల్లిదండ్రులనే తోటి థెరపిస్టులుగా పెట్టుకుని పనిచేశాడు. 1972లో ఆ రాష్ట్ర చట్టసభ దాన్ని రాష్ట్రమంతటికీ ప్రోగ్రామ్‌గా మార్చింది. పేరు టీచ్. మామూలు టీచ్ కాదు, స్పెల్లింగ్‌లో రెండు సీలు ఉంటాయి. వాళ్ల ఆలోచన ఏంటంటే, ఈ పిల్లల్లో చాలామందికి చెవితో విన్నది జారిపోతుంది, కంటితో చూసింది నిలుస్తుంది. కాబట్టి నోటితో చెప్పే ప్రతి సూచననీ కంటికి కనిపించే వస్తువుగా మార్చాలి. ఆటిజం కోసం మొదలైనా, ఇంటలెక్చువల్ డిజెబిలిటీ ఉన్న పిల్లలకి కూడా ఈ పద్ధతి వాడతారు.

అందులో ఒక భాగాన్ని వర్క్ సిస్టమ్ అంటారు. పిల్లాడు కుర్చీలో కూర్చోగానే, ఎవరూ నోరు తెరవకుండా, ఎదురుగా ఉన్న వస్తువులే నాలుగు ప్రశ్నలకి జవాబు చెప్పాలి. నేనేం పని చెయ్యాలి? ఎంత పని? అయిపోయిందని నాకెలా తెలుస్తుంది? అయ్యాక ఏంటి?

ఈ నాలుగూ ఎంత ముఖ్యమో మీకు అర్థం కావాలంటే కొత్త జాబ్‌లో మొదటి వారం గుర్తుచేసుకోండి. ఏదో పని ఇచ్చారు, ఎంతవరకు చెయ్యాలో చెప్పలేదు, ఎప్పటికి అయిపోయినట్టో తెలీదు, మేనేజర్ మీటింగ్‌లో ఉన్నాడు. కడుపులో ఎలా ఉంటుంది? మనకి అడగడానికి నోరుంది. ఆ నోరు లేని పిల్లాడు టేబుల్ తన్నేస్తాడు, మనం దాన్ని "బిహేవియర్ ప్రాబ్లం" అని రిజిస్టర్‌లో రాస్తాం.

మూడో ప్రశ్న దగ్గర కాసేపు ఆగుదాం. అయిపోయిందని ఎలా తెలుస్తుంది? మీ చేతిలో ఉన్న ఫోన్ చూడండి. రీల్స్‌కి చివర ఉందా? లేదు, కావాలనే పెట్టలేదు. కిందికి లాగుతూనే ఉంటాం, అందుకే పన్నెండింటికి కూడా పడుకోం. వర్క్ బాక్స్ దానికి పూర్తి రివర్స్. మొదలుపెట్టకముందే చివర కనపడాలి. "ఈ పనికి మంచి యాప్ ఏదైనా ఉందా అక్కా" అని నన్ను చాలామంది అడుగుతారు. నేను యాప్‌లు చేసి బతికినదాన్నే, అయినా చెప్తున్నా, మొదటి మెట్టు మీద యాప్ వద్దు. స్క్రీన్ మీద అయిపోయిన పని మాయమైపోతుంది. డబ్బాలో అయిపోయిన పని చేతికి తగులుతుంది, బరువుంటుంది, కుడి పక్క బుట్టలో కూర్చుని ఉంటుంది.

ఇప్పుడు ఏర్పాటు ఎలా ఉంటుందో చూద్దాం. గోడ వైపు తిరిగి ఉన్న ఒక టేబుల్. ఎడమ పక్క చిన్న రాక్, అందులో మూడు డబ్బాలు. కుడి పక్క ఒక పెద్ద బుట్ట, అది "అయిపోయింది" బుట్ట. పిల్లాడు ఎడమ నుంచి డబ్బా తీసుకుంటాడు, మధ్యలో పెట్టుకుని చేస్తాడు, కుడి బుట్టలో వేస్తాడు. రాక్ ఖాళీ అయితే పని అయిపోయినట్టు. ఎంత పని అన్నదానికి జవాబు ఆ మూడు డబ్బాలే, లెక్కపెట్టడం రాకపోయినా కంటికి తెలుస్తుంది. నాలుగో ప్రశ్నకి రాక్ చివర్లో ఒక వస్తువో ఫొటోనో ఉంటుంది. బిస్కెట్ ప్లేటు ఫొటో, ఉయ్యాల ఫొటో, ఏదైనా సరే, తర్వాత ఏం జరుగుతుందో అది. గోడ వైపు ఎందుకంటే, కిటికీలోంచి ఆటో వెళ్తుంటే మీరైనా నేనైనా అటే చూస్తాం కదా. శిక్ష కాదు అది. ఒకవేళ గోడ వైపు కూర్చోవడం ఇష్టంలేని పాప ఉంటే రాక్‌నే అడ్డంగా పెడితే సరిపోతుంది.

ఎడమ నుంచి కుడికి అన్నది మన చదివే దారి కాబట్టి. పాతబస్తీలో ఉర్దూ మీడియం పిల్లాడికి కుడి నుంచి ఎడమకి పెట్టొచ్చా? నా ఉద్దేశంలో పెట్టొచ్చు. దిక్కు ఏదైనా రోజూ అదే ఉండాలి, ఇంట్లో కూడా అదే ఉండాలి.

ఇది మొదటి మెట్టు. కాస్త ముందుకెళ్లిన పిల్లలకి డబ్బాల మీద రంగులో, అంకెలో, బొమ్మలో అంటిస్తారు. టేబుల్ మీద ఒక పట్టీకి అవే గుర్తులున్న చిన్న కార్డులు వెల్క్రోతో అంటించి ఉంటాయి, పైనుంచి కిందికి. వెల్క్రో అంటే స్కూల్ బ్యాగుకి చర్రుమని ఊడే అంటు పట్టీ. పైకార్డు పీకి, అదే గుర్తున్న డబ్బా రాక్‌లో వెతికి తెచ్చుకుని, పని చేసి, బుట్టలో వేసి, తర్వాతి కార్డు. ఇక చదవడం వచ్చినవాళ్లకి ఒక కాగితం మీద రాసిన లిస్టు, అయినదానికి టిక్కు. మనం వాడే టు-డూ లిస్టే కదా ఇది! మూడు మెట్లూ ఒకే ఆలోచన. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్తే ఒక క్యూ, అందులో మూడు టాస్కులు, ప్రతి టాస్కుకీ కంటికి కనపడే డన్ కండిషన్.

ఇప్పుడు అసలు రూల్. దీన్ని తప్పితే మిగతాదంతా ఎంత అందంగా పెట్టినా వృథా. ఇండిపెండెంట్ వర్క్ టేబుల్ మీద కొత్త పాఠం పెట్టకూడదు. పిల్లాడికి ఇప్పటికే పూర్తిగా వచ్చిన పనే పెట్టాలి. కొత్తది నేర్పే చోటు వేరు, అది టీచర్ పక్కన కూర్చునే ఆ నాలుగు నిమిషాలు. అక్కడ నేర్చుకుని, ఎవరి సాయం లేకుండా కొన్ని రోజులు వరసగా తప్పు లేకుండా చేశాక, అప్పుడు ఆ పని డబ్బాలోకి వెళ్తుంది. "వచ్చిన పనే మళ్లీ చేయిస్తే ఏం నేర్చుకున్నట్టు?" అని అడిగే తల్లిదండ్రులుంటారు. పిన్ని చెప్పే జవాబు ఏంటంటే, "ఇక్కడ మూతలు నేర్పట్లేదమ్మా, నేను లేకుండా ఉండడం నేర్పుతున్నా."

డబ్బాలో ఏం పెట్టాలి? ఇక్కడే నాకు బాగా నచ్చిన భాగం. ఆన్‌లైన్‌లో ఖరీదైన కిట్లు దొరుకుతాయి. అవసరం లేదు, మన వంటింట్లో డన్ కండిషన్ ఉన్న సామాను బోలెడంత ఉంది. ఇడ్లీ ప్లేటు తీసుకోండి. నాలుగు గుంతలు. నిమ్మకాయంత ప్లాస్టిక్ బంతులు నాలుగు. ఒక్కో గుంతలో ఒక్కోటి. గుంతలు నిండితే పని అయిపోయింది, ఎవరూ చెప్పక్కర్లేదు, ప్లేటే చెప్తుంది. అది బాగా వచ్చాక కోడిగుడ్ల ట్రే, అందులో 30 గుంతలు. అంత పని ఒక్కసారే భయపెడితే కత్తిరించి ఆరు గుంతల ముక్క చేసుకోవచ్చు. ఇంకా మొదటి దశలో ఉన్నవాళ్లకి డబ్బా మూతకి చీలిక పెట్టి అందులో పెద్ద సీసా మూతలు వేయించడం. వేస్తే టప్పుమని చప్పుడు, గిన్నె ఖాళీ అయితే అయిపోయినట్టు. బట్టల క్లిప్పులు అట్టముక్క అంచుకి పెట్టడం, చెంచాలు ఒకవైపు ఫోర్కులు ఒకవైపు, సాక్సులు జత చెయ్యడం. కాగితం మీద బొమ్మల్ని జత చేసే ఫైలు టాస్కులు కూడా ఉంటాయి కానీ అవి చూసేంత తేలిక కాదు. చేతికి తగిలే వస్తువు ముందు, కాగితం తర్వాత.

పదిహేను, పదహారేళ్లవాళ్లకి? దయచేసి బాతు బొమ్మలు పెట్టకండి. మీసాలు వస్తున్న అబ్బాయి ముందు రంగు రంగుల బాతులు పెడితే, అతనికి మాటలు రాకపోవచ్చు గానీ అవమానం తెలుస్తుంది. అతనికి పెన్ను పెట్టండి. మూడు గిన్నెలు, ఎడమ నుంచి కుడికి: బాడీ, రీఫిల్, క్యాప్. ఐదు సెట్లు. గిన్నెలు ఖాళీ, ఐదు పెన్నులు తయారు. లేదా అగరొత్తులు. ఇది చూసి నేను ఆశ్చర్యపోయాను. పది లెక్కపెట్టి ప్యాకెట్‌లో వెయ్యాలి, కానీ ఆ అబ్బాయికి అంకెలు రావు. ఒక అట్టముక్క మీద పది గీతలు గీశారు. ఒక్కో గీత మీద ఒక్కో అగరొత్తి. గీతలు నిండాయా, అన్నీ కలిపి తీసి కవర్‌లో వెయ్యడమే. ప్రతి ప్యాకెట్‌లో సరిగ్గా పది. లెక్కలు వచ్చేదాకా ఆగితే ఆ అబ్బాయికి పని ఎప్పటికీ దొరకదు. లెక్కని అట్టముక్కలోకి దించేశారు. ఫ్యాక్టరీల్లో జిగ్ అంటారు దీన్నే, మెకానికల్ వాళ్లకి తెలిసే ఉంటుంది.

ఒక జాగ్రత్త, సీరియస్‌గా వినండి. శనగలు, కందులు, పూసలు, బటన్ బ్యాటరీలు, చిన్న అయస్కాంతాలు ఇలాంటివి నోట్లోనో, ముక్కులోనో, చెవిలోనో పెట్టుకునే పిల్లలున్న గదిలో వద్దే వద్దు. ఇంటర్నెట్‌లో చాలా వీడియోల్లో పప్పులు వేరు చెయ్యడం చూపిస్తారు. పెద్దవాళ్లు పక్కన ఉండని టేబుల్ ఇది అని గుర్తుంచుకోండి. గొంతులో పట్టని సైజే పెట్టాలి.

ఇక పిల్లాడు పని చేస్తున్నప్పుడు పెద్దవాళ్లు ఏం చెయ్యాలి? దాదాపు ఏమీ చెయ్యకూడదు, అదే కష్టం. మొదటి రోజుల్లో దారి తెలియడానికి సాయం కావాలి. అప్పుడు ఎదురుగా కాదు, వెనక నిలబడాలి. మాట్లాడకూడదు. మోచెయ్యి దగ్గర మెల్లగా తాకి డబ్బా వైపు నడిపించి చెయ్యి తీసేయాలి. మర్నాడు భుజం దగ్గర, ఆ తర్వాత ఒక అడుగు వెనక, ఆ తర్వాత గదిలో ఇంకో మూల. మాటతో చెప్పిన సాయం వదిలించడం చాలా కష్టం, చేత్తో ఇచ్చిన సాయం మెల్లగా తీసేయొచ్చు. మధ్యలో "గుడ్, వెరీ గుడ్, సూపర్ కన్నా" కూడా వద్దు. కటువుగా అనిపిస్తుంది, తెలుసు. కానీ ప్రతి మూతకీ గుడ్ అంటే, గుడ్ వినపడకపోతే చెయ్యి ఆగిపోతుంది. మెచ్చుకోవడం మొత్తం అయ్యాకే, ఉయ్యాల దగ్గర, కడుపు నిండా.

తప్పు చేస్తే? ఎర్ర మూత నీలం గిన్నెలో వేస్తే అక్కడికక్కడ దిద్దడానికి పరుగెత్తకండి. ఒకటీ అరా తప్పుకి ఏమీ కాదు. రోజూ అదే తప్పు వస్తుంటే అది పిల్లాడి తప్పు కాదు, డబ్బా తప్పు. ఆ పనిని వెనక్కి తీసుకెళ్లి నేర్పే టేబుల్ మీద మళ్లీ పెట్టాలి, లేదా డబ్బానే మార్చాలి. కోడ్‌లో బగ్ ఉంటే యూజర్‌ని తిట్టం కదా. సరే, తిడతాం, కానీ చివరికి ఫిక్స్ చేసేది కోడ్‌నే.

అయిపోయిన డబ్బా విషయంలో ఇంకో రెండు సంగతులున్నాయి. మొదటిది, పిల్లాడు కష్టపడి ముప్ఫై గుంతలు నింపి బుట్టలో పెట్టాక, అతని కళ్ల ముందే దాన్ని బోర్లించి "ఇంకోసారి చెయ్యి నాన్నా" అనడం. మీరు రాత్రంతా కూర్చుని పంపిన ఫైల్‌ని మీ ముందే డిలీట్ చేసి మళ్లీ చెయ్యమంటే ఎలా ఉంటుంది? డబ్బాలు విప్పడం పిల్లలు వెళ్లాకే. రెండోది ఇంకా మామూలుగా జరిగేది. బాబు మూడు డబ్బాలూ ఇరవై నిమిషాలకి బదులు పదకొండు నిమిషాల్లో చేసేశాడు. టీచర్ ఇంకా వేరే పాపతో ఉంది. ఆయా నాలుగో డబ్బా తెచ్చి పెడుతుంది. ఆ బాబుకి ఏం అర్థమవుతుంది? త్వరగా చేస్తే ఇంకా పని పడుతుంది. రేపటి నుంచి మెల్లగా చేస్తాడు, లేదా మూడో డబ్బా విసిరేస్తాడు. మూడు అన్నామంటే మూడే. టైమ్ మిగిలితే ఆ టైమ్ అతనిది. రేపు నాలుగు కావాలంటే రేపు మొదటి నుంచే రాక్‌లో నాలుగు ఉంచండి. మన ఆఫీసుల్లో కూడా ఈ రూల్ ఉంటే ఎంత బాగుండేదో, అది వేరే ఎపిసోడ్.

టీచర్ వైపు నుంచి చూస్తే అసలు బరువు వేరే చోట ఉంది. పది మంది, తలా మూడు డబ్బాలు, అంటే రోజుకి ముప్ఫై డబ్బాలు మళ్లీ విప్పి సర్దాలి. చాలా క్లాసుల్లో ఈ పద్ధతి ఉత్సాహంగా మొదలై రెండు నెలలకి ఆగిపోయేది ఇక్కడే, పిల్లల వల్ల కాదు. పిన్ని ఏం చేసిందంటే, ప్రతి డబ్బాకి ఒక నంబర్ ఇచ్చింది. మూత లోపల, పని మొదలయ్యే ముందు డబ్బా ఎలా ఉండాలో ఒక ఫొటో, పక్కనే ఎన్ని ముక్కలుండాలో అంకె. గోడ మీద చార్టు, ఏ రోజు ఏ పిల్లాడికి ఏ నంబర్లు. విడి ముక్కలకి బీరువాలో ఒక సంచి, ఎందుకంటే వారానికి రెండు మూతలైనా కనపడకుండా పోతాయి. ఇక విప్పి సర్దే పని? అది ఒక పెద్దబ్బాయి ఇండిపెండెంట్ వర్క్! మూత లోపలి ఫొటో చూసి అలాగే సర్దడం, నంబర్ ప్రకారం రాక్‌లో పెట్టడం. అతనికి నిజమైన పని, క్లాసుకి నిజమైన అవసరం. చిన్నపిల్లలు వెళ్లాక చేస్తాడు కాబట్టి ఎవరి పనీ ఎవరి ముందూ చెదరదు.

డబ్బాలు తిప్పుతూ ఉండాలి. ఒకే ఇడ్లీ ప్లేటు ఆరు నెలలు పెడితే అది పని కాదు, అలవాటు. సిస్టమ్ మారకూడదు, లోపల సామాను మారాలి. ఇంకా ఒక నోట్‌బుక్‌లో రెండే అంకెలు రాసుకుంటే చాలు, ఎన్ని నిమిషాలు, ఎన్నిసార్లు పెద్దవాళ్లు కలగజేసుకున్నారు. మొదటి వారం 14 సార్లు ఉన్నది ఆరో వారానికి 3 అయిందనుకోండి, పద్ధతి పనిచేస్తున్నట్టు. 14 అలాగే ఉంటే డబ్బాలు మార్చాలి. పిల్లాడు ఎంత అందంగా చేశాడన్నది ఇక్కడ లెక్కలోకి రాదు.

దీని మీద రీసెర్చ్ ఉందా అంటే, ఉంది, కాకపోతే చిన్నవి. 1971లో షాప్లర్ బృందం ఒక పద్ధతిగా సాగే సెషన్లనీ, పిల్లలకే వదిలేసిన సెషన్లనీ పోల్చి చూసింది, పద్ధతి ఉన్నప్పుడే పిల్లలు మెరుగ్గా స్పందించారు. 2007లో కారా హ్యూమ్, శామ్యూల్ ఓడమ్ ఈ వర్క్ సిస్టమ్‌నే ముగ్గురు ఆటిజం విద్యార్థులతో పరీక్షించారు. పని మీద ధ్యాస పెరిగింది, పెద్దవాళ్ల ప్రాంప్టులు తగ్గాయి. ముగ్గురితో ప్రపంచం మొత్తానికి తీర్పు చెప్పలేం. కానీ మన క్లాసులో పని చేస్తుందో లేదో ఆ రెండంకెల నోట్‌బుక్కే చెప్తుంది, అది ఎవరి అనుమతీ అక్కర్లేని రీసెర్చ్.

"ఇలా డబ్బాలు ఇచ్చి పిల్లల్ని రోబోలు చేస్తున్నారు కదా" అని అడిగేవాళ్లున్నారు. ఆ ప్రశ్న తీసిపారేసేది కాదు. ఈ పద్ధతిని పాడుచేసే మార్గం ఒకటుంది. పిల్లాడు డబ్బాలతో నిశ్శబ్దంగా ఉంటున్నాడు కదా అని మూడు గంటలు ఆ మూలే కూర్చోబెట్టడం. అప్పుడది సదుపాయం, చదువు కాదు. ఇది రోజులో పదిహేను, ఇరవై నిమిషాలు, మహా అయితే రెండుసార్లు. మిగతా టైమ్‌లో ఆట, పాట, మాట, తోటి పిల్లలు అన్నీ ఉండాలి. డబ్బాల్లో కూడా ఎంచుకునే వీలు ఇవ్వొచ్చు, ఐదింట్లో నీకిష్టమైన మూడు తీసుకో అని. ఇంకా గట్టిగా వద్దంటున్న పిల్లాడు ఉంటే, ఆ వద్దు అనేది కూడా ఒక సమాచారమే. పని మరీ కష్టమా, మరీ చప్పగా ఉందా, ఫ్యాన్ చప్పుడు పడట్లేదా, ముందు అది చూడాలి. నన్నడిగితే, "ఊఁ" అని ఎవరో అంటే తప్ప చెయ్యి కదపలేని పిల్లాడే రోబోకి దగ్గరగా ఉన్నాడు. తనంతట తను లేచి డబ్బా తెచ్చుకునే పిల్లాడు కాదు.

ఈ వీడియో చూసే మీలో ఇంట్లో తమ్ముడో, చెల్లో, బాబాయి వాళ్ల పాపో ఇలా ఉన్నవాళ్లుంటారు. క్లాస్‌రూమ్ అక్కర్లేదు, ఇంటి పనుల్లోనే ఆ నాలుగు ప్రశ్నలు పెట్టొచ్చు. "వెళ్లి బట్టలు మడతపెట్టు" అంటే ఎన్ని? ఎప్పటికి అయినట్టు? ఎడమ పక్క బకెట్‌లో ఐదు టవల్స్ మాత్రమే వేసి, కుడి పక్క ఖాళీ బుట్ట పెట్టి, బుట్ట మీద తనకిష్టమైన దాని ఫొటో పెట్టండి. అన్నం ప్లేట్లు పెట్టడానికి టేబుల్ మీద ప్లేటు సైజు గుండ్రాలు గీసిన చాప వెయ్యండి. మడత ఎలా పెట్టాలో మాత్రం ముందే, వేరే టైమ్‌లో, పక్కన కూర్చుని నేర్పాలి. ఇంకా వివరంగా కావాలంటే సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో 1984 నుంచి జాతీయ సంస్థ ఉంది, ఇప్పుడు నీపిడ్ అంటారు. ఇంటలెక్చువల్ డిజెబిలిటీ మీద టీచర్లకి ట్రైనింగ్ ఇచ్చే చోటు అది. అంత దూరం కుదరకపోతే మీ మండలంలో భవిత సెంటర్ ఎక్కడుందో స్కూల్లో అడగండి.

అలాంటి సెంటర్‌కి ఏదైనా ఇద్దామనుకునేవాళ్లకి ఒక మాట. పుట్టినరోజుకి కేకు, పెన్సిల్ బాక్సులు అందరూ ఇస్తారు. మీరు ముందు టీచర్‌ని అడగండి, "మేడమ్, ఏ పిల్లాడికి ఏ పని వచ్చు?" అని. ఆవిడ చెప్పిన దానికి డబ్బా చెయ్యండి. గట్టి మూతున్న డబ్బా, లోపల పని, పోయిన ముక్కలకి బదులుగా ఒక చిన్న కవర్‌లో నాలుగు విడి ముక్కలు, మూత లోపల ఫొటో, కింద అంకె. తయారయ్యాక మీ ఇంట్లో ఎవరికైనా ఒక్క మాట కూడా చెప్పకుండా ఇచ్చి చూడండి. వాళ్లు మీ మొహం వైపు చూసి "ఏం చెయ్యాలి?" అని అడిగారా, డబ్బా ఇంకా కాలేదు. విప్పి మళ్లీ కట్టండి.